అడిగేదేదో మొదటి రెండు లైన్లలోనే అడగండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఉద్యోగాల పేజీలో వారానికొక ఆఫీసు ఉత్తరాన్నో మెయిల్‌నో తీసుకుని, పేర్లూ వివరాలూ తీసేసి, దిద్దకముందు ఎలా ఉంది, దిద్దాక ఎలా ఉంది అని పక్కపక్కన వేయమని అడగడానికి రాస్తున్నాను. రెజ్యూమె గురించి, ఇంటర్వ్యూ గురించి ఆ పేజీలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి రోజూ చేయాల్సిన పని మాత్రం ఎవరూ నేర్పరు, బళ్లో రాయించిన సెలవు చీటీ తప్ప.

నేను ఒక ఆఫీసులో బయటి నుంచి వచ్చే ఉత్తరాలు, మెయిల్స్ ముందుగా చదివి ఏది ఎవరికి వెళ్లాలో చూసే పనిలో ఉన్నాను. ఫోన్లో అయితే రెండు నిమిషాల్లో సంగతి తేల్చేసే మనిషి, అదే మెయిల్‌లో పెట్టాల్సి వచ్చేసరికి బిగుసుకుపోతాడు, ఎక్కడెక్కడి పాత మాటలో తెచ్చి పేరుస్తాడు, తీరా తనకేం కావాలో చెప్పడం మర్చిపోతాడు. నా టేబుల్ మీదికి వచ్చే బాపతు ఉత్తరం ఒకటి, వివరాలు మార్చి ఇస్తున్నాను చూడండి:

"అయ్యా, పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, గతంలో తమతో జరిగిన సంభాషణ మేరకు మేము పంపిన సరుకు తమకు చేరినట్లు మా రికార్డుల ద్వారా తెలియుచున్నది. అందుకు సంబంధించిన మొత్తము ఇంతవరకు మాకు అందియుండలేదు. కావున తమరు దయతో ఈ విషయమును పరిశీలించి త్వరితగతిన తగు చర్య గైకొనగలరని ప్రార్థన."

ఏ సరుకు? ఏ బిల్లు? ఎప్పటిలోగా? ఎవరితో జరిగిన సంభాషణ? ఒక్కదానికీ జవాబు లేదు. చదివినవాళ్లు పాత ఫైళ్లన్నీ తిరగేయాలి, అంత తీరిక ఆ రోజు ఉండదు కాబట్టి పక్కన పెడతారు, పక్కన పెట్టింది అక్కడే ఉండిపోతుంది, రాసినవాళ్లేమో మమ్మల్ని లెక్కచేయడం లేదని బాధపడతారు. అదే ఉత్తరం ఇలా ఉంటే:

"నమస్కారం. మార్చి 12 నాటి మా బిల్లు నంబరు 418 డబ్బు ఇంకా అందలేదు, గడువు ఏప్రిల్ 11తో అయిపోయింది. ఏప్రిల్ 25లోగా పంపగలరా? ఇప్పటికే పంపి ఉంటే ఏ తేదీన పంపారో చెప్పండి, మా లెక్కల్లో మేం చూసుకుంటాం. బిల్లు కాపీ జత చేశాను."

చదవడానికి అర నిమిషం పట్టదు. పైగా మొదటిదానికంటే ఇదే మర్యాదగా ఉందని నా గట్టి అభిప్రాయం. "ఇప్పటికే పంపి ఉంటే" అన్న ఆ ఒక్క మాటతో, తప్పు మా వైపు కూడా ఉండొచ్చని ఒప్పుకుని అవతలి మనిషికి తలెత్తుకునే చోటు ఇచ్చాడు. "తమరు", "ప్రార్థన", "దయతో" అని ఎన్నిసార్లు రాసినా ఆ గౌరవం రాదు. మర్యాదంటే చదివేవాళ్ల టైమ్‌ని, వాళ్ల ఇబ్బందిని మనం ముందే ఆలోచించి పెట్టడం.

సబ్జెక్ట్ లైన్ సంగతి చెప్పాలి. సగం మెయిల్స్‌కి అది ఖాళీగా ఉంటుంది, లేకపోతే "నమస్తే" అనో "అర్జెంట్" అనో ఉంటుంది. ఫోన్లో మెయిల్ చూసేవాళ్లకు ఆ లైన్‌లో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి, తెరవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. "బిల్లు 418: ఏప్రిల్ 25లోగా చెల్లింపు" అని పెడితే ఆరు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. అలాగే పాత మెయిల్‌కే రిప్లై కొట్టి దానికి సంబంధం లేని కొత్త సంగతి రాయొద్దు, ఆ సంగతి పాత హెడ్డింగ్ కింద పూడుకుపోతుంది.

తేదీల దగ్గర ఇంకో చిక్కుంది. 03/04 అని రాస్తే అమెరికాలో మార్చి 4, చాలా దేశాల్లో ఏప్రిల్ 3. ఈ గందరగోళం పోవాలనే 1988లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్లు ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం తెచ్చారు, ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆఖర్న రోజు. అది అలవాటు లేనివాళ్లు నెల పేరు అక్షరాల్లో రాస్తే చాలు. "రేపటిలోగా", "వచ్చే శుక్రవారం" లాంటివి కూడా అంతే, మెయిల్ రెండు రోజులాగి చదివినవాళ్లకు ఏ రేపో తెలియదు.

ఇక సీసీ, అంటే కార్బన్ కాపీ. టైప్‌రైటర్ రోజుల్లో కాగితాల మధ్య కార్బన్ పేపర్ పెట్టి కాపీలు తీసేవాళ్లు, కిందికి వెళ్లేకొద్దీ అచ్చు మసకబారేది, అందుకని కాపీ నిజంగా ఎవరికి కావాలో ఆలోచించి తీసేవాళ్లు. ఇప్పుడు ఎంతమందికి పెట్టినా ఖర్చు లేదు కాబట్టి ఊళ్లో అందర్నీ పెట్టేస్తున్నారు. అంతకంటే నొప్పి కలిగించేది, ఒక చిన్న ఆలస్యానికి ఆ మనిషిని నేరుగా అడక్కుండా వాళ్ల పైఅధికారిని సీసీలో పెట్టడం. అది బెదిరింపే, చదివినవాళ్లకు అలాగే తగులుతుంది, తర్వాత ఏళ్ల తరబడి వాళ్లు మనతో ముక్తసరిగానే ఉంటారు. ఒకసారి అడిగి, రెండోసారి అడిగి, అప్పటికీ పని కాకపోతే, "మీ మేనేజర్ గారిని కూడా కలుపుతున్నాను" అని చెప్పి పెట్టండి, చెప్పకుండా వద్దు.

రిప్లై ఆల్ గురించి వేరే చెప్పక్కర్లేదేమో గానీ ఒక్క ఉదాహరణ. 2016 నవంబరులో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల సిబ్బంది వాడే మెయిల్ వ్యవస్థలో ఒక టెస్ట్ మెయిల్ పొరపాటున 8 లక్షలకు పైగా ఖాతాలకు వెళ్లింది. "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అని కొందరు, "దయచేసి రిప్లై ఆల్ కొట్టకండి" అని ఇంకొందరు, మళ్లీ అందరికీ పంపారు. రోగుల పని చూడాల్సిన మెయిల్ వ్యవస్థ ఆ ధాటికి నెమ్మదించిపోయింది. కస్టమర్లందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు అడ్రస్‌లు బీసీసీలో, అంటే ఒకరివి ఇంకొకరికి కనబడని చోట, పెట్టడం కూడా ఇలాంటి జాగ్రత్తే, ఒకరి అడ్రస్ ఇంకొకరికి చూపించే హక్కు మనకు లేదు.

అన్నిటికంటే కష్టమైంది కాదని చెప్పే ఉత్తరం. ఎక్కువమంది ఆ కాదన్న మాటని మూడు పేరాల తర్వాత దాస్తారు. "మీ విజ్ఞప్తి పరిశీలించబడినది, ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా అనుకూలించుట సాధ్యపడుటలేదు" అంటారు. ఎవరు పరిశీలించారు? ఏ పరిస్థితులు? మళ్లీ అడగొచ్చా, వద్దా? ఆ ఉత్తరం అందుకున్న మనిషి దాన్ని నాలుగుసార్లు చదువుకుని, ఇంకా ఆశ ఉందేమోనని ఎదురుచూస్తాడు, ఇది నేను చూసి చూసి రాస్తున్నాను. "మీ గడువు పొడిగించలేకపోతున్నాం. దరఖాస్తులు నిన్నటితో మూసేశాం, ఎవరికైనా ఇదే వర్తిస్తుంది. తర్వాతి విడత జులైలో మొదలవుతుంది, అప్పుడు ఇవే కాగితాలు చెల్లుతాయి" అని రాయండి. కాదన్న మాట ముందు, కారణం తర్వాత, ఇక ఆ మనిషి ఏం చేసుకోవచ్చో ఆఖర్న. మొదట బాధ కలిగినా, అయోమయం ఉండదు.

కోపంగా ఉన్నప్పుడు రాయకుండా ఉండలేకపోతే రాయండి, కానీ టు దగ్గర అడ్రస్ ఖాళీగా ఉంచండి. జీమెయిల్‌లో పంపిన మెయిల్ వెనక్కి తీసుకునే వీలుంది గానీ, సెట్టింగ్స్ మార్చుకున్నా గరిష్ఠంగా 30 సెకన్లే. కోపం 30 సెకన్లలో తగ్గదు.

ఈమధ్య ఏఐతో రాయించిన మెయిల్స్ విపరీతంగా వస్తున్నాయి. అక్షర దోషాలు లేవు, సంతోషం. భాష మీద పట్టు లేనివాళ్లకు అది ఆసరా అయితే నాకేం అభ్యంతరం లేదు. కానీ రెండు లైన్ల సంగతిని అది రెండు పేజీలు చేస్తోంది, "మీ విలువైన సమయాన్ని గౌరవిస్తూ" అంటూనే ఆ సమయాన్ని తినేస్తోంది. చిన్నదిగా రాయమని దానికి చెప్పండి, వచ్చింది చదివి మీకు తెలియని మాట ఒక్కటి ఉన్నా కొట్టేయండి, బిల్లు నంబర్లూ తేదీలూ మాత్రం మీ కళ్లతో మీరే సరిచూడండి.

తేటగా రాయడమంటే ఏదో తక్కువ చదువు వ్యవహారమని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. అమెరికాలో ప్రభుత్వ సంస్థలు జనానికి అర్థమయ్యేలా రాయాలని 2010లో చట్టమే చేశారు. 2023లో ఐఎస్ఓ వాళ్లు సరళమైన భాషకు ఒక ప్రమాణం తెచ్చారు, దాని సారాంశం ఇంతే: చదివేవాళ్లకు కావాల్సింది దొరకాలి, దొరికింది అర్థం కావాలి, అర్థమైంది వాడుకోగలగాలి.

జవాబివ్వడం గురించి కూడా రాయాలి. పూర్తి సమాధానం సిద్ధంగా లేదని మెయిల్‌ని వారాల తరబడి అలా వదిలేస్తారు. "మీ మెయిల్ అందింది, అకౌంట్స్ వాళ్లను అడగాలి, బుధవారం సాయంత్రంలోగా చెబుతాను" అని ఒక్క లైన్ పంపితే అవతల టెన్షన్ సగం తగ్గుతుంది, రెండో రిమైండర్ రాయాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. బుధవారానికి తేలకపోతే బుధవారమే ఆ మాట రాయాలి, ఇంకెన్ని రోజులు పడుతుందో కూడా రాయాలి. గురువారం వాళ్లే ఫోన్ చేసి అడిగాక చెప్పే సారీ ఎంత వినయంగా ఉన్నా, వేరే ఏర్పాటు చేసుకునే అవకాశం వాళ్లకు అప్పటికే పోయి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు