జీతం సంగతి కూడా రాయండి
అమెరికా అంతర్యుద్ధంపై మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు నల్లజాతి సైనికుల ధైర్యం చూసి తెల్లవాళ్ల మనసు మారిందని తేల్చేసి ఊరుకుంటున్నాయి. 1863 జులై 18న దక్షిణ రాష్ట్రాలవాళ్ల కోట ఫోర్ట్ వాగ్నర్‌పై ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి సిపాయిల 54వ మసాచుసెట్స్ దళం దాడి చేశాక చాలామంది అభిప్రాయం మారిన మాట నిజమే. కానీ అప్పుడు తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. ఆ దళంవాళ్లు ఆ 7 డాలర్లు ముట్టుకోకుండా ఏడాదికి పైగా జీతం లేకుండానే పోరాడారు. 1864 జూన్‌లో గానీ అమెరికా కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) సమాన జీతానికి ఒప్పుకోలేదు. బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్ల స్మారకం చూశాను. ముందు గుర్రమెక్కిన, ఆ దళాన్ని నడిపిన తెల్ల కల్నల్, పక్కన నడిచే సిపాయిలు. స్మారకం 1897 నాటిది. చనిపోయిన నల్ల సిపాయిల పేర్లు వెనకవైపు, అవీ 1980ల్లో చెక్కినవి. ఇకపై ఇలాంటి వ్యాసం వేస్తే, చిన్న బాక్సులోనైనా సరే, ఈ జీతాల లెక్క కూడా ఇవ్వండి.