మూడు కిలోలకే నాలుగు నెలలా?

ఎడిటర్ గారికి నమస్తే. మాది తిరుపతి, నాకు 43 ఏళ్లు. బరువు తగ్గాలని నాలుగు నెలలుగా మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, రాత్రికి ఇష్టమైన రాగి సంగటి కూడా మానేసి రెండు జొన్నరొట్టెలు, చక్కెర లేని కాఫీ (అది కాఫీయా అసలు!), పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో గంట నడక, నెలకోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు పోవడం. తగ్గింది మూడు కిలోలు. మొదటి వారంలోనే రెండు పోయాయి, అది కొవ్వు కాదు, ఎక్కువగా నీళ్లేనని తర్వాత డాక్టరమ్మ చెప్పారు.

ఆమే లెక్క కూడా చెప్పారు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలట, అంటే రోజుకు 250 తగ్గించినా నెలకు కిలో దగ్గరే. పైగా బరువు తగ్గేకొద్దీ ఒళ్లు కూడా పొదుపు నేర్చుకుంటుంది, మా అత్తగారి కంటే గట్టిగా. థైరాయిడ్ పరీక్ష చేయించాను, బాగానే ఉంది. నడుము కొలత మాత్రం 96 నుంచి 91 సెంటీమీటర్లకు వచ్చింది, మన ఆడవాళ్లకు 80 దాటకూడదంట, ఇంకా చాలా దూరం.

నా కోపం ఎక్కడంటే, మీ పేపర్లోనే 'నెలలో 10 కిలోలు గ్యారంటీ' అని పొడుల ప్రకటనలు వస్తున్నాయి. అవి చూసి మా వీధిలో ఒకామె డబ్బు పోగొట్టుకుంది. వాటి పక్కనే వారానికోసారి డైటీషియన్‌తో ఈ లెక్కలు రాయించండి సార్.

- ఒక పాఠకురాలు, తిరుపతి