మా నాన్నను కనిపెట్టుకున్న వార్డు సిస్టర్లకు కృతజ్ఞతలు

విజయవాడలో మా నాన్నకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి సర్జికల్ వార్డు సిస్టర్లకూ, నైట్ డ్యూటీ బ్రదర్‌కూ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు, అందుకే రాయడం లేదు. నాన్న ఇప్పుడు బాగున్నారు. పొద్దున్నే రైతుబజారుకి నడిచి వెళ్లి కూరలు తెస్తున్నారు.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత ఒక రాత్రి ఆయన కాస్త నలతగా ఉందన్నారు, అంతే. సిస్టర్ వచ్చి బీపీ, పల్స్, జ్వరం చూశారు. ఛాతీ వైపే చూస్తూ నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టారు. అన్నీ డ్యూటీ ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించారు. శ్వాస 22, ఆక్సిజన్ 94, పల్స్ 112, పై బీపీ 104, జ్వరం 100.8. విడివిడిగా చూస్తే ఏదీ అంతగా భయపెట్టే అంకె కాదు. ఆపరేషన్ అయిన మనిషికి ఆ మాత్రం ఉంటుందిలే అనిపిస్తుంది. కానీ ఆ యాప్ ఒక్కోదానికి మార్కులు వేసి కూడుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, ముందస్తు హెచ్చరిక స్కోరు) పద్ధతి అది. 5 వస్తే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ. నాన్నకు 7 వచ్చింది, స్క్రీన్ ఎర్రబడింది.

సిస్టర్ వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి అంకెలన్నీ వరసగా చదివారు. డాక్టర్ వచ్చారు. ఇన్‌ఫెక్షన్ ఏ క్రిమి వల్లో తెలిసే కల్చర్ పరీక్షకి రక్తం తీశారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, తెల్లారేలోపు ఐసీయూకి మార్చారు. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకే దశలో దొరికిందని తర్వాత చెప్పారు.

కూడిక ఫోన్‌దే. కానీ ఆ అర్ధరాత్రి మంచం పక్కన నిలబడి శ్వాస లెక్కపెట్టింది ఆవిడ. చాలాచోట్ల ఆ గడిలో అలవాటుగా 18 అనో 20 అనో పడిపోతుంది. ఇక్కడా అలాగే పడి ఉంటే స్కోరు తగ్గేది, స్క్రీన్ ఎర్రబడేది కాదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఐసీయూ నుంచి వార్డుకి తిరిగొచ్చాక ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడే వీలు దొరికింది. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. “మొదట్లో ఈ యాప్ మాకెవ్వరికీ ఇష్టం లేదమ్మా. కేస్ షీట్‌లోనూ రాయాలి, ఫోన్‌లోనూ కొట్టాలి. రెండింతల చాకిరీ” అన్నారు. మా పిన్ని ఏఎన్‌ఎం, అంటే ఊళ్లో ఆరోగ్య సేవలు చూసే నర్సు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో రికార్డులు ఎక్కించే అన్‌మోల్ యాప్ ఉన్న ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు ఆమెదీ ఇదే గోల, ట్యాబూ మోయాలి రిజిస్టర్లూ మోయాలి అని. ఇక్కడి సిస్టర్లు మాత్రం ఊరుకోలేదు. వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) కాగితం మీద రాయడం ఆపేస్తేనే వాడతామని పట్టుబట్టి ఆపించారు. అక్షరాలు పెద్దవి చేయించారు. చిన్న సిస్టర్లు పెద్దవాళ్లకు పక్కన కూర్చుని నేర్పారు. వాళ్లను అడిగి మార్చబట్టే అది వాళ్లదయింది. పై నుంచి సర్క్యులర్ పంపితే ఆ పని జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

మందు ఇచ్చే ప్రతిసారీ నాన్న చేతి పట్టీ స్కాన్ చేసేవారు. ఆయన పేరే ఉన్న ఇంకొకాయన పక్క గదిలో ఉండటంతో మా అమ్మకు అదే పెద్ద ధైర్యం. ఇన్సులిన్‌కైతే రెండో సిస్టర్ కూడా చూసి ఓకే చేయాలి. మంచానికీ మంచానికీ మధ్య ఫోన్‌ని స్పిరిట్‌తో తుడిచేవారు.

ఒకసారి ఎదురు మంచం వాళ్లబ్బాయి “పేషెంట్‌ని చూడకుండా ఫోన్ చూసుకుంటారేంటి?” అని గట్టిగా అరిచాడు. డ్యూటీ మొత్తం నిలబడే ఉన్న మనిషిని అంత మాట అంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సిస్టర్ మాత్రం స్క్రీన్ అతని వైపు తిప్పి, “మీ అమ్మగారి షుగర్ చూడు బాబూ, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తగ్గిందో” అన్నారు. ఆ తర్వాత రోజూ అతనే వచ్చి అడిగి చూసుకునేవాడు.

చివరి గదుల్లో వైఫై అందక, సిస్టర్లు కారిడార్‌లోకి వచ్చి సేవ్ చేయాల్సి వస్తోంది. అక్కడ వైఫై పెట్టించమనీ, డ్యూటీకి ఒక ఫోన్ ఎక్కువ ఇవ్వమనీ మేనేజ్‌మెంట్‌కి నాన్న, నేను సంతకాలు చేసి లెటర్ ఇచ్చాం. సిస్టర్ల పేర్లు, బ్రదర్ పేరు అందులో ఒక్కటీ వదలకుండా రాశాం.