ఫైర్‌వాల్ ఆపమని మాత్రం రాయకండి

ఎడిటర్ గారికి,

ఇంట్లో వైఫై మీద రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడం ఎలాగో మీ టెక్నాలజీ పేజీలో ఈమధ్య ఒక చిట్కా వేశారు. తెలుగులో ఇలాంటివి రాసేవాళ్లే తక్కువ కాబట్టి చూసి సంతోషించాను గానీ, అందులో 'అవతలి కంప్యూటర్ కనిపించకపోతే ఫైర్‌వాల్ ఆపేయండి, పాస్‌వర్డ్ అడగకుండా పెట్టుకోండి' అన్న ముక్క చూసి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఫైర్‌వాల్ అంటే బయటినుంచి వచ్చే కనెక్షన్లలో అక్కర్లేనివాటిని ఆపే కాపలాదారు. కడపలో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. ఫైర్‌వాల్ ఆపేసి, అయినా ఫైళ్లు రాక, ఏం చేయాలో తెలియక ఫోన్ చేసేవాళ్లు నాకు కొత్త కాదు.

మా ఊళ్లో ఈ గొడవ ఎక్కువగా రౌటర్ దగ్గరే మొదలవుతుంది. పాత ఇళ్లకు మందపాటి రాతి గోడలు, కింద హాల్లో బండ అలమరలో పెట్టిన రౌటర్ సిగ్నల్ మిద్దె మీదికి అందదు. అందుకని కేబుల్ కుర్రాడు పైన ఇంకో రౌటర్ తగిలించి, నెట్ వస్తోందో లేదో ఫోన్‌లో చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. మొన్న ఎర్రముక్కపల్లిలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన ఇంట్లోనే జీఎస్టీ లెక్కలు చూస్తారు, కింద డెస్క్‌టాప్‌లో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, పైన కొడుకు ల్యాప్‌టాప్. "నెట్ రెండిట్లోనూ బాగానే వస్తాంది కదన్నా, ఫోల్డర్ మాత్రం ఎందుకు రాదు?" అని ఆయన ప్రశ్న. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి, ఒక్కోదాని ఐపీ నంబర్, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, చూపించాను. కింద 192.168.1.5, పైన 192.168.0.103. చుక్కల మధ్య మూడో సంఖ్య దగ్గర తేడా ఉంది చూడండి, అక్కడే ఉంది చిక్కంతా. పై రౌటర్ తన కింద వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. ఇలాంటప్పుడు పైనుంచి కింది కంప్యూటర్ ఐపీ నంబర్ కొడితే ఒక్కోసారి ఫోల్డర్ తెరుచుకుంటుంది గానీ, కిందినుంచి పైకి అసలు పోదు. నెట్‌వర్క్ లిస్టులో అయితే ఒకదానికొకటి కనిపించవు. ఇక్కడ ఫైర్‌వాల్ ఆపి ఏం లాభం? పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే సొంత నెట్‌వర్క్ నడపకుండా కింది రౌటర్ నెట్‌వర్క్‌నే పైన అందించేలా, మార్చాలి. ఆ మోడ్ లేని పాతదైతే దాని ఐపీ కింది రౌటర్‌తో కలవకుండా మార్చి, కంప్యూటర్లకు ఐపీ నంబర్లు పంచే డీహెచ్‌సీపీ ఆపి, కిందినుంచి వచ్చిన కేబుల్‌ని వ్యాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్టులోంచి తీసి ల్యాన్ (ఇంట్లో కంప్యూటర్లు తగిలించే) పోర్టులో పెట్టాలి. అంతే, రెండూ ఒక గూటికి చేరాయి.

గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయినా ఇదే పరిస్థితి. చుట్టాలొచ్చినప్పుడు పెట్టిన గెస్ట్ పేరు గుర్తుండిపోయి ఒక ల్యాప్‌టాప్ దానికే తగులుకుంటూ ఉంటుంది. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఒకే వైఫైలో ఉన్నా కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేవు.

ఇవన్నీ చూశాకే విండోస్ జోలికి వెళ్లాలి. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే పబ్లిక్ అనో ప్రైవేట్ అనో ఉంటుంది. పబ్లిక్ అంటే మనం బస్టాండ్ వైఫైలో ఉన్నామని విండోస్ అనుకుంటుంది, పక్క కంప్యూటర్లకు కనిపించకుండా దాస్తుంది. ఇంట్లో దాన్ని ప్రైవేట్ చేసి, నెట్‌వర్క్ డిస్కవరీ (పక్క కంప్యూటర్లను కనుక్కునే సెట్టింగ్), ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే, కావలసినంత మేరకు దారి ఫైర్‌వాలే ఇస్తుంది. దాన్ని ఆపే పనే లేదు.

పాస్‌వర్డ్ సంగతి ఇంకో తలనొప్పి. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లేవాళ్లు ఇక్కడా అదే కొడతారు, అది నెట్‌వర్క్‌లో పనికిరాదు, అకౌంట్ పాస్‌వర్డే కావాలి. అది గుర్తులేనివాళ్ల కోసం నేను ఫైళ్లున్న కంప్యూటర్‌లో ఆ కంప్యూటర్‌కే పరిమితమైన ఒక మామూలు లోకల్ అకౌంట్ చేసి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ పర్మిషన్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ దాని పేరు చేర్చి ఇస్తాను. ఈ రెండిట్లో ఏది తక్కువ హక్కులిస్తే అదే చెల్లుతుంది, అందుకే ఒకచోట పెట్టి ఇంకోచోట మరిచిపోతే 'యాక్సెస్ డినైడ్' అని వస్తుంది. మీ చిట్కాలో చెప్పినట్టు పాస్‌వర్డ్ తీసేసినా, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రొ ఎడిషన్ అలా పాస్‌వర్డ్ లేకుండా వచ్చే గెస్ట్ కనెక్షన్‌ని మామూలుగా ఒప్పుకోదు.

పాత ప్రింటర్ కోసమో పాత ఎక్స్‌పీ సిస్టమ్ కోసమో ఎస్ఎంబీ1 (విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేయమని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ఊళ్లమీద పడింది ఆ దారినే. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలోనే చదివాం. ఆ ఏడాది నుంచే విండోస్ 10 కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ1ని ముందుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది. మీ పేజీ చదివి ఫైర్‌వాల్ ఆపినవాళ్లలో అదే ల్యాప్‌టాప్ పట్టుకుని హాస్టల్ వైఫైకి వెళ్లే పిల్లలు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

కాబట్టి దయచేసి అదే పేజీలో ఒక సవరణ వేయండి. వేసేటప్పుడు మీ చిట్కా పక్కన వేసిన హోమ్‌గ్రూప్ (ఇంటి కంప్యూటర్లను కలిపే పాత విండోస్ సదుపాయం) బొమ్మ తీసేయండి సార్, విండోస్ 10లోనే 2018లో దాన్ని ఎత్తేశారు, జనం ఇంకా దానికోసం వెతుకుతున్నారు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
కడప