ఆ గొళ్లెం సంగతి కూడా చెప్పండి

అమెరికా వైమానిక దళ కార్యదర్శి గారికి,

టెక్సస్‌లో ఉంటున్న ఒక తెలుగువాడి నమస్కారాలు. 2025 జనవరిలో కొత్త సైనికుల శిక్షణలోంచి వాస్ప్ (రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం విమానాలు నడిపిన సివిలియన్ ఆడవాళ్ల దళం) మహిళా పైలట్ల వీడియో తీసేసి, గొడవయ్యాక మళ్లీ పెట్టారు. సంతోషమే. నాదింకో మనవి.

1943 ఆగస్టు 23 రాత్రి, నార్త్ కరొలైనాలోని క్యాంప్ డేవిస్ సైనిక స్థావరం. మిషిగన్‌లోని కలమజూ ఊరి లైబ్రరీలో పనిచేసి వచ్చిన మేబెల్ రాలిన్సన్, 26 ఏళ్ల పిల్ల, ఏ-24 అనే బాంబర్ విమానంలో రాత్రి శిక్షణకు ఎగిరింది. దిగబోతూ విమానం చెట్లకు తగిలి రెండు ముక్కలైంది. వెనక సీటులోని శిక్షకుడు ఎగిరి బయటపడి బతికాడు. ముందు సీటులో ఈమె. పైమూత గొళ్లెం లోపలినుంచి ఊడదు. పాడైందని ముందే తెలుసు, బాగుచెయ్యలేదంతే! కింద ఉన్న తోటి పైలట్లకు మంటల్లోంచి ఆమె కేకలు వినిపించాయి.

వాస్ప్‌లో మొత్తం 38 మంది పోయారు. సివిలియన్లట, శవపేటిక మీద జెండా లేదు, ఇంటికి చేర్చే ఖర్చూ సర్కారు ఇవ్వలేదు. స్నేహితురాళ్లే చందాలేసుకున్నారు. సైనిక హోదా వచ్చింది 1977లో.

మేబెల్ పేరూ ఆ గొళ్లెం సంగతీ పాఠంలో చేర్చండి. పైలట్లకన్నా ముందు, మరమ్మతు కాగితం మీద సంతకం పెట్టే కుర్రాళ్లకు చెప్పండి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు