వీలునామాలో ఆరో అంశం

గుంటూరు, బ్రాడీపేట,
23 ఫిబ్రవరి 2025, ఆదివారం.

చిరంజీవి రాఘవకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ ఉత్తరంలో ప్రత్యేకించి విశేషమేమీ లేదు. మీ అమ్మ సున్నుండలు చేసింది కనుక డబ్బాతో పాటు నాలుగు మాటలు రాసి పెడదామని కూర్చున్నాను, అంతే. మధ్యాహ్నం దుబాయిలో పాకిస్తాన్‌తో మ్యాచి మొదలయ్యేలోగా ముగిస్తానంటే మీ అమ్మ నవ్వి ఊరుకున్నది.

రెండు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. వార్డెను గారి ఫోను చెడిపోయి ఉంటుందని నేను, నీ గొంతు చెడిపోయి ఉంటుందని మీ అమ్మ అనుకుంటున్నాము. గొంతే అయితే రోజూ రెండు పూటలా ఉప్పు నీళ్ళు పుక్కిలించు. కూలరులో నీళ్ళు తాగవద్దని దసరా నుంచి చెబుతూనే ఉన్నాను. చదువులో మునిగిపోయి ఫోను మరిచిపోయావనే మూడో కారణం కూడా ఉండవచ్చును గాని, పదిహేనేళ్ళుగా నిన్ను చూస్తున్నవాణ్ణి కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మీ వీడ్కోలు సభ బ్రహ్మాండంగా జరిగిందని విన్నాము. మురళి బాబాయి వాళ్ళ చిట్టి జ్వరమని ఇంటికి వచ్చింది. సభ చేసింది వాళ్ళ తొమ్మిదో తరగతి వాళ్ళే కదా, జ్వరంలో కూడా రెండు గంటలసేపు చెప్పింది. మగపిల్లలంతా తెల్ల చొక్కాలు వేసుకుని ఒకరి వీపు మీద ఒకరు స్కెచ్ పెన్నులతో సంతకాలు చేసుకోవడం, ఆడపిల్లలు వాళ్ళ అమ్మల చీరలు కట్టుకుని మెట్లు దిగలేక ఒకరినొకరు పట్టుకోవడం అన్నీ అభినయించి మరీ చూపించింది. ఎవరో పిల్లవాడు కండువా వేసుకుని అవధానిగా కూర్చుంటే, సైన్, కాస్, టాన్, సెక్ అనే నాలుగు పదాలు వచ్చేటట్లు మెస్సులోని సాంబారును పద్యంలో వర్ణించమని దత్తపది ఇచ్చారట. అవధాని గారు మూడు గ్లాసుల నీళ్ళు తాగి, పద్యం ఉడకలేదని చెప్పి లేచిపోయారట. మీ అమ్మ ఇప్పటికీ వంటింట్లో తలుచుకుని నవ్వుతున్నది. సంక్రాంతికి కొన్న నీ చొక్కా కూడా ఆ సంతకాలలో పోయిందని తెలిసినా ఏమీ అనలేదు. ఆ చొక్కాను మాత్రం మాసిన బట్టలతో కలిపి తేకు. విడిగా మడిచి నాకు ఇవ్వు, లేకపోతే తెల్లవారేసరికి బకెట్‌లో నానుతూ ఉంటుంది.

వీలునామా సంగతి కూడా చిట్టే చెప్పింది. చెప్పడమేమిటి, దాని నకలు పుస్తకంలో పెట్టుకుని తెచ్చింది. "పదవ తరగతి బి సెక్షను కాపురస్థులమైన మేము, పూర్తి తెలివితోను, పరుల ప్రేరేపణ ఎంతమాత్రము లేకుండాను, మా తదనంతరము తొమ్మిదవ తరగతి వారికి చెందవలసిన ఆస్తులను గురించి వ్రాయించిన వీలునామా" అన్న మొదటి వాక్యం చదవగానే నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. వేసవి సెలవుల్లో దస్తావేజు చదివి వినిపించమంటే ఆవులించేవాడివి, అదంతా చెవిన పడుతూనే ఉన్నదన్నమాట. చివరి బెంచీకి రాసిన హద్దులు మరీ బాగున్నాయి. తూర్పు: ఎన్నడూ తెరుచుకోని కిటికీ. దక్షిణం: వార్డెను గారి చూపు. పడమర: తిరిగినా గాలి రాని మూడో నంబరు పంకా. ఉత్తరం: నల్లబల్ల, సదరు బల్ల మీద రాసినది ఇక్కడికి కనపడదు. ఇరవై ఏడేళ్ళుగా హద్దులు రాస్తున్న నాకు ఇంత నిజమైన ఉత్తరపు హద్దు ఎప్పుడూ తగలలేదు. విప్పని హిందీ పుస్తకాన్ని "కొత్తది కొన్నట్లే భావించి దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించవలెను" అన్నచోట మా గుమస్తా కుర్చీలో నుంచి పడబోయాడు.

అయితే వృత్తిరీత్యా కొన్ని లోపాలు చెప్పక తప్పదు. మీరు పైన వంద రూపాయల స్టాంపు బొమ్మ గీశారు, అది దండగ. వీలునామాకు తెల్ల కాగితం చాలును, రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. కావలసినది ఇద్దరు సాక్షుల సంతకాలు, అవే లేవు. పైగా పద్దెనిమిదేళ్ళు నిండనివాడు రాసిన వీలునామా చెల్లదు. రాసినవాడు పోయాక గాని అమలులోకి రాదు గనుక, నిండు నూరేళ్ళు బతకవలసిన మీరందరూ రాయవలసినది గిఫ్టు దస్తావేజు, అదీ పద్దెనిమిదేళ్ళు నిండాకే. వీలునామాలో ఒక సౌకర్యం మాత్రం ఉన్నది. రాసినవాడు బతికి ఉండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చును, మొత్తమైనా సరే, ఒక్క అంశమైనా సరే.

అయిదో అంశం వరకూ మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. ఆరో అంశం దగ్గర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. చొక్కా ఉతకడానికి తీసినప్పుడు ఆవిడే చదువుకున్నది.

పరీక్షలు మార్చి 17న మొదలవుతాయి, అంటే ఇక 22 రోజులు. హాల్ టికెట్టు ఇవ్వగానే పేరు, పుట్టిన తేదీ, మాధ్యమం అక్షరం అక్షరం సరిచూసుకో. ఇంటిపేరులో ఒక పొల్లు తప్పితే ఎంత తిప్పలో నా దగ్గరకు వచ్చేవాళ్ళను చూస్తే తెలుస్తుంది. రెండు పెన్నులు కాదు, నాలుగు పెట్టుకో. బుధవారం శివరాత్రి అని జాగారం పేరుతో హాస్టల్లో కబుర్లు పెట్టుకోవద్దు, శివుడు ఏప్రిల్‌లో కూడా ఉంటాడు. లెక్కల్లో అనుమానాలు ఉంటే ఇప్పుడే అడిగి తెలుసుకో. అడగడానికి మొహమాటంగా ఉన్నదా?

మా వీడ్కోలు సభ సంగతి నీకు పూర్తిగా చెప్పినట్లు లేదు. అది 1989. మాకు చొక్కాల మీద సంతకాలు లేవు, ఉన్నవి రెండే చొక్కాలు. ఆటోగ్రాఫు పుస్తకాలు ఉండేవి. ప్రతివాడూ "మరువకు మిత్రమా" అని రాశాడు, వాళ్ళలో ఇప్పుడు అరండల్‌పేటలో ఎదురుపడితే ఆగి పలకరించేవాళ్ళు ముగ్గురు. తలకొక లడ్డూ, గుప్పెడు మిక్స్చరు, సగం గ్లాసు టీ ఇచ్చి, బిరుదులు చదివారు. రోజూ ఆలస్యంగా వచ్చేవాడికి "కాలజ్ఞాని". పక్కవాడి కాగితంలో చూసి రాస్తానని నాకు "నకలు రాయుడు". ఈనాడు నా బల్ల ముందు బోర్డు మీద "నకళ్ళు తీయబడును" అని ఉన్నది గనుక మీ పెద్దమామయ్య ఇప్పటికీ నన్ను ఆ పేరుతోనే పిలుస్తాడు. ఆయనే ఆనాటి వ్యవహారానికి నాయకుడు. మా బడిలో గంటంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టడానికి మూరెడు ఇనుప కడ్డీ. అందరూ జ్ఞాపకంగా ఫోటోలు పట్టుకుపోతుంటే మనం ఆ కడ్డీ పట్టుకుపోదామన్నాడు మామయ్య. టీ గ్లాసులు పంచుతున్నంతలో నేను దాన్ని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటి గంట కొట్టడానికి అటెండరు వచ్చి చూస్తే కడ్డీ లేదు. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు, కాకి ఎత్తుకుపోయిందేమోనన్నట్లు కొమ్మల్లోకి కూడా చూశాడు. మేము గోడ పక్కన కడుపులు పట్టుకుని నవ్వుతున్నాము. చివరికి ఒక కంకరరాయి తీసుకుని కొట్టాడు. ఆ చప్పుడు ఆవలి వరుస గదులకు వినపడక ఆరో తరగతి పిల్లలు చీకటి పడేదాకా బెంచీల మీదే కూర్చున్నారు. మరునాడు తిరిగి ఇద్దామనుకున్నాము. ఇంతలో పరీక్షలు వచ్చాయి. తరువాత సిగ్గు వచ్చింది. కడ్డీ ఖరీదు ఆయన జీతంలో పట్టుకున్నారని తెలిసి, రెండేళ్ళ తరువాత తీసుకుని వెళితే, ఆయన రిటైరై సొంత ఊరు వెళ్ళిపోయాడన్నారు. ఏ ఊరని అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు. మన ఇంట్లో కొబ్బరికాయలు కొట్టే కడ్డీ అదే. నీ చిన్నప్పుడు అడిగితే పాత మంచం ఊచ అని చెప్పాను. అది అబద్ధం.

ఉపన్యాసం చెప్పనని మీ అమ్మకు మాట ఇచ్చాను, కాబట్టి వృత్తి మాట ఒక్కటే చెబుతాను. ఎవరు ఏ ఆస్తి రాయించుకోవడానికి వచ్చినా నేను ముందు లింకు దస్తావేజులు అడుగుతాను, ఇది నీకు ఎలా సంక్రమించింది అని. బెంచీలో మూడేళ్ళు కూర్చున్నావు, పంకా కింద చెమట పట్టి చదివావు, సాంబారు తిన్నావు. అవన్నీ మీ స్వార్జితం, ఎవరికైనా రాసుకోవచ్చును. "లెక్కల మాస్టారి ఎడమ చెవి వైపు గల మూడు బెంచీలు, ఎంత మాట్లాడినా వినపడని సర్వ హక్కులతో" అన్నదానికి లింకు దస్తావేజు ఎక్కడ ఉన్నది నాయనా? బెంచీల వరకు సరే. ఆ చెవి ఎవరిది?

సంక్రాంతి సెలవులకు నిన్ను తీసుకురావడానికి వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడాను. నా మాట వినడానికి మెడను కొంచెం ఎడమకు తిప్పి కుడి చెవిని నావైపు పెట్టారు, అదేదో అలవాటన్నట్లుగా. ఆయన దాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుంటున్నారో నాకు అప్పుడే తెలిసింది. ఎందుకంటే చిన్న అక్షరాల సర్వే నంబర్లు నాకూ ఆనడం లేదు. పార్టీలకు తెలియకుండా గుమస్తా చేత పైకి చదివిస్తున్నాను. ఈ సంగతి ఎక్కడా అనకు, మీ అమ్మతో కూడా.

ఆరో అంశం చదివినప్పుడు ఆయన టీ తాగకుండా లేచి వెళ్ళారని చిట్టి అంటున్నది. కళ్ళు తుడుచుకున్నారని కొత్తపేట అత్తయ్య అంటున్నది, అత్తయ్య అక్కడ లేదు. యాజమాన్యం వారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారనీ, వచ్చే ఏడాది ఆయనను ఉంచుకునే విషయం ఆలోచిస్తున్నారనీ మురళి అంటున్నాడు. హద్దుల తగాదాలో కూడా ముగ్గురు సాక్షులు మూడు హద్దులు చెబుతారు. ఎదుట ఉన్నవాడివి నువ్వు. ఎనిమిదో తేదీన సభ జరిగింది, తొమ్మిదో తేదీ ఆదివారం ఫోనులో తిండి గురించి తప్ప మాట్లాడలేదు, ఆ తరువాత ఫోనే లేదు. జనవరి ఆఖరులో నేను వచ్చి ఉండవలసింది. ఫిబ్రవరి 1 నుంచి భూముల విలువలు పెరుగుతాయని జనమంతా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మీద పడితే రాత్రి వరకూ రాస్తూనే ఉండిపోయాను. వచ్చి ఉంటే ఆ కాగితం నాకు ముందే చూపించేవాడివి. చూపించేవాడివి కదా?

గురువారం చిట్టిని దింపడానికి మురళి వస్తాడు. వారధి దాటేలోపు అది డబ్బా మూత తీయకుండా ఉంటే నీకు ఇరవై సున్నుండలు అందాలి, లెక్క చూసుకో. రోజుకు రెండుకు మించి తినకు, వేడి చేస్తుంది. రెండో డబ్బా, ఇత్తడి మూతది, మాస్టారికి. ఆయనకు పంచదార పడుతుందో లేదో తెలియక మీ అమ్మ కారప్పూస పెట్టింది. స్టాఫు రూములో అందరి ముందు ఇవ్వవద్దు. సాయంత్రం స్టడీ అవరుకు ముందు ఆయన వరండాలో ఒక్కరే కూర్చుంటారని చిట్టి చెప్పింది, అప్పుడు వెళ్ళు. వెళ్ళి ఆయనకు కుడివైపు నిలబడు.

ఇట్లు,
నాన్న

తా.క. ఇత్తడి మూత డబ్బా మీ అమ్మమ్మది, అడుగున పేరు చెక్కి ఉంటుంది. నాలుగు రోజులాగి, ఖాళీ అయ్యాక, నువ్వే వెళ్ళి అడిగి తెచ్చుకో. ఆ ఆదివారం ఫోను చేయి.