మందులు సరే, ఇంటికెళ్లి అడిగే మనిషిని కూడా ఉంచండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. హెచ్‌ఐవీ, టీబీ, మలేరియాల మీద పనికి డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ కూడా అదే ఏడాది గ్రాంట్లు తగ్గించింది. హెచ్‌ఐవీ మందులు ఎక్కువగా కేంద్రం డబ్బుతోనే కొంటున్నాం కదా, మనకేం ఇబ్బంది అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. మందుల వరకూ నిజమే. కానీ మా కోనసీమలో సెంటర్లో మందు ఉండటం వేరు, అది మనిషి రోజూ మింగడం వేరు.

దగ్గర్లో మందు దొరికినా, తెలిసినవాళ్లు చూస్తారని కాకినాడ దాకా పోయేవాళ్లున్నారు. సీసా మీది కాగితం చింపేసి బియ్యం డబ్బా వెనక దాచుకునే కోడళ్లున్నారు. వాళ్లు ఒక నెల రాకపోతే వెతుక్కుంటూ వెళ్లేది ఔట్‌రీచ్ వర్కరే. ఫోన్ ఎత్తకపోతే చుట్టపుచూపుగా వచ్చినట్టు ఇంటికెళ్లి, అత్తగారి ముందు ఆ మాటే ఎత్తకుండా, కాలవ గట్టు మీదికి తీసుకెళ్లి మాట్లాడుతుంది. ఈ వర్కర్లలో చాలామంది అవే మందులు వాడేవాళ్లు, అందుకే వాళ్ల మాట వింటారు. విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టుల డబ్బు ఆగితే ముందు పోయేది వీళ్ల ఉద్యోగాలే. మందు మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, టీబీ పట్టుకోవచ్చు, వాడుతున్న మందు పనిచేయకుండా పోయే ప్రమాదమూ ఉంది.

2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం మన రాష్ట్రంలోనూ నడిచింది. దాన్ని 2009 నుంచి కొన్నేళ్లపాటు విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. ఈసారి అంత గడువు ఎవరిస్తారండీ?

అందుకే అడుగుతున్నాను, ఔట్‌రీచ్ వర్కర్ల జీతాలకు రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టండి. ఈ పని ఆశా కార్యకర్తలకి అప్పగిద్దామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం కాదు, కానీ ఆశా అదే ఊరి మనిషి, జబ్బున్నవాళ్ల భయమంతా ఊళ్లోవాళ్లకి తెలుస్తుందనే. 2017 హెచ్‌ఐవీ చట్టం చికిత్స అందించే బాధ్యత కేంద్రంతో పాటు రాష్ట్రాల మీదా పెట్టింది, దాన్ని మందు సీసా దగ్గరే ఆపేయకండి.

ఇంకొకటి. గోదావరికి వరదొస్తే పంటులు ఆగిపోతాయి, కాజ్‌వేలు మునిగిపోతాయి. లంకల్లో ఉండేవాళ్లకి జూన్‌లోనే మూడు నెలల మందులు చేతికిచ్చేలా ఆర్డర్ ఇవ్వండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పౌరుడు